రాయల ఉపదేశం, రేనాటి పాట: ఆముక్తమాల్యద రాజనీతిలో నిరంకుశత్వపు హద్దులు

ఉపోద్ఘాతం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే రహదారి మీద, రాతిగుట్టల నడుమ ఓర్వకల్లు ఉంది. 2021 మార్చిలో అక్కడ ప్రారంభమైన విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అదే దారిలో ముందుకు వెళితే వచ్చే నంద్యాలలో, 1928లో జరిగిన ఆంధ్ర మహాసభలో, చిలుకూరి నారాయణరావు సూచన మేరకు దత్తమండలాలకు 'రాయలసీమ' అనే పేరు స్థిరపడింది. మొదటిది పాలెగాళ్ళ సంప్రదాయానికి చెందిన వీరుడి పేరు. రెండవది విజయనగర ప్రభువుల బిరుదు నుంచి వచ్చిన పేరు. ఒకే నేల ఈ రెండు పేర్లనూ గౌరవంగానే ధరించింది.

సాహిత్య చరిత్రలో మాత్రం ఈ రెండూ కలిసి కనిపించవు. రాయల కాలం ప్రబంధయుగం, స్వర్ణయుగం. పాలెగాళ్ళ కాలం కేంద్రాధికారం చెదిరిన తరువాతి అరాచక దశ. మొదటిదానికి కావ్యం సాక్ష్యం, రెండవదానికి జానపద గేయం సాక్ష్యం. రాయల ఆస్థానాన్ని కీర్తించిన విమర్శకులూ, ఆ సాహిత్యాన్ని భూస్వామ్య భోగసాహిత్యమని నిరసించిన విమర్శకులూ అనేక విషయాల్లో విభేదించినా ఒక విషయంలో ఏకీభవిస్తారు. రాజు అధికారానికి ఎదురులేదన్నది ఇద్దరూ చర్చ లేకుండానే అంగీకరించిన మాట. మొదటివారికి అది వైభవం, రెండవవారికి అది దౌష్ట్యం.

ఆ అంగీకారాన్ని పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ప్రధాన ఆధారం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి భాగం. పోలిక కోసం అదే యుగపు ఐరోపా రాజులు తమ కుమారులకు చేసిన ఉపదేశాలనూ, పరీక్ష కోసం రేనాటి వీరగాథా సంప్రదాయాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిరంకుశత: మాట, భావన

'నిరంకుశ రాజరికం' అనే పదబంధం తెలుగు పాఠకులకు ఎక్కువగా ఐరోపా చరిత్ర పాఠాల ద్వారా పరిచయమైంది. ఫ్రాన్సును పాలించిన 14వ లూయీ (1643–1715) దానికి మారుపేరయ్యాడు. రాజ్యమంటే తానేనని ఆయన అన్నట్లు ప్రచారంలో ఉన్న మాటకు సమకాలీన ఆధారం లేకపోయినా, ఆ మాట ఆ భావనకు శాశ్వతమైన బొమ్మ కట్టింది. ఈ భావనకు సిద్ధాంతరూపం ఇచ్చినవాడు జాఁ బొదాఁ. 1576లో వెలువడిన తన గ్రంథంలో ఆయన సార్వభౌమత్వం సంపూర్ణమైనదనీ, శాశ్వతమైనదనీ, విభజించడానికి వీలులేనిదనీ ప్రతిపాదించాడు. ఒక దేశంలో చట్టం చేసే అధికారం ఒకే చోట ఉండాలన్నది దాని సారాంశం. అయితే బొదాఁ కూడా రాజును దైవనియమానికీ, ప్రకృతి నియమానికీ, ప్రజల ఆస్తిహక్కుకూ కట్టుబడినవాడిగానే భావించాడు. 'నిరంకుశ రాజరికం' అనే సిద్ధాంతనామం ఐరోపాలో ప్రచారమైంది కూడా ఫ్రెంచి విప్లవం తరువాతే. నికొలస్ హెన్షాల్ వంటి చరిత్రకారులు 1990లలో ఆ నామమే ఒక అపోహ అని వాదించేవరకూ వెళ్ళారు. ప్రభువర్గాల సహకారం లేకుండా లూయీ పన్ను కూడా వసూలు చేయలేకపోయాడన్నది వారి వాదానికి ఆధారం. అంటే తెలుగు విమర్శ కొలబద్దగా తెచ్చుకొన్న భావన పుట్టినచోటే ప్రశ్నలకు గురయింది.

తెలుగులో ఈ మాటకు వేరే చరిత్ర ఉంది. అంకుశం మావటివాని చేతి ఆయుధం. అంకుశం లేని ఏనుగు నిరంకుశం. అలంకార సంప్రదాయంలో ఈ విశేషణం మొదట దక్కినది రాజుకు కాదు, కవికి. కవులు నిరంకుశులన్న నానుడి పండితలోకంలో ప్రసిద్ధం. 16వ శతాబ్దికి చెందిన కందుకూరి రుద్రకవి తన కావ్యానికి నిరంకుశోపాఖ్యానమని పేరు పెట్టాడు. అందులో నిరంకుశుడు కట్టుబాటు తప్పిన నాయకుడే తప్ప రాజ్యాధికారానికి ప్రతీక కాడు. ఏనుగు రాజలాంఛనం, అంకుశం దానిని అదుపు చేసే సాధనం. కాబట్టి 'రాజు నిరంకుశుడు' అన్న మాట తెలుగు చెవికి వైభవాన్ని కాక ప్రమాదాన్ని సూచిస్తుంది. మదించిన ఏనుగు మీద కూర్చున్నవాడికి కూడా అది ప్రమాదమే.

తండ్రి మాటగా రాజనీతి

తెలుగులో రాజనీతి రచనకు రాయలకు ముందే బలమైన సంప్రదాయం ఉంది. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, మడికి సింగన సంకలించిన సకలనీతిసమ్మతము అందుకు నిదర్శనాలు. ఈ నీతి సంప్రదాయం ధర్మశాస్త్రానికి భిన్నమైనదనీ, లౌకికమైన అనుభవం మీద ఆధారపడినదనీ వెల్చేరు నారాయణరావు, సంజయ్ సుబ్రహ్మణ్యం ప్రతిపాదించారు. రాయల రాజనీతి ఈ సంప్రదాయంలోనిదే. కానీ ఒక భేదం ఉంది. బద్దెన, సింగనల గ్రంథాల్లో నీతి సూక్తుల వరుసగా ఉంటుంది. రాయల కావ్యంలో అది ఒక తండ్రి ఒక కొడుకుకు చెప్పే మాటగా ఉంటుంది. ఆ తండ్రి యామునాచార్యుడు.

రాజు కుమారునికి పాలన నేర్పే రచన ఆ యుగంలో ఇతర దేశాల్లోనూ కనిపిస్తుంది. స్కాట్లండ్ రాజు 6వ జేమ్స్, తరువాత ఇంగ్లండుకు 1వ జేమ్స్, 1599లో తన పెద్దకొడుకు హెన్రీ కోసం 'బసిలికాన్ డోరన్' రాశాడు. దానికి ముందు ఏడాది, రాజు తన ప్రజలకు జవాబుదారీ కాడనీ దేవునికి మాత్రమే జవాబుదారీ అనీ వాదించే మరో గ్రంథాన్ని వెలువరించాడు. 14వ లూయీ కూడా యువరాజు శిక్షణ కోసం తన పాలనానుభవాలను రాయించాడు. ముగ్గురూ రచనతో సంబంధమున్న రాజులే. ముగ్గురికీ అధికారం కొనసాగడమే ప్రధాన చింత.

ఆ చింతకు చరిత్ర ఇచ్చిన సమాధానం ఒక్కటే. హెన్రీ 1612లో 18 ఏళ్ళ వయసులో మరణించాడు. రాజయిన తమ్ముడు చార్లెస్ 1649లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. లూయీ కుమారుడు తండ్రికంటే నాలుగేళ్ళు ముందే, 1711లో కన్నుమూశాడు. కృష్ణరాయలు తాను జీవించి ఉండగానే ఆరేళ్ళ కొడుకుకు పట్టం కట్టాడనీ, ఆ బాలుడు కొద్దికాలానికే జబ్బుపడి చనిపోయాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1529లో రాయల తరువాత సింహాసనం ఎక్కినవాడు సవతి సోదరుడు అచ్యుతరాయలు. ముగ్గురు రాజుల ఉపదేశాల్లో ఏదీ అది చేరవలసిన సింహాసనానికి చేరలేదు. ఈ సాదృశ్యం యాదృచ్ఛికమే. అయినా వంశపారంపర్య అధికారంలోని అసలు బలహీనతను అది చూపుతుంది. ఎంతటి రాజయినా ఆజ్ఞాపించలేని ఒక విషయం ఉంది. అది తన తరువాతి కాలం. జేమ్స్, లూయీల రచనలు ఆ బలహీనతను గుర్తించినట్లు కనిపించవు. రాయల కావ్యం గుర్తించిందనడానికి ఆధారం రాజనీతి పద్యాల్లో కంటే వాటి చుట్టూ అల్లిన కథలో ఉంది.

సింహాసనం దిగే రాజులు

పాఠ్యగ్రంథాల్లోనూ సంకలనాల్లోనూ 'రాయల రాజనీతి' తరచుగా విడిభాగంగా అచ్చవుతుంది. అలా విడదీసినప్పుడు ఆ మాటలు చక్రవర్తి నేరుగా చెప్పిన పాలనాసూత్రాలుగా వినిపిస్తాయి. కావ్యంలో వాటి స్థానం వేరు. యామునాచార్యుడు వాదంలో గెలిచి అర్ధరాజ్యం పొందిన వైష్ణవ పండితుడు. రాజ్యభోగంలో పడి తన గురుపరంపరను మరచిపోయాడు. శ్రీరామమిశ్రుడు ఒక ఆకుకూర నెపంతో అంతఃపురానికి దారి చేసుకొని, పెద్దలు దాచిన నిధి చూపిస్తానని చెప్పి శ్రీరంగానికి రప్పించాడు. ఆ నిధి శ్రీరంగనాథుడే. కళ్ళు తెరిచిన యామునుడు రాజ్యాన్ని వదిలిపెట్టేముందు కుమారునికి చెప్పిన మాటలే రాజనీతి. తెలుగులో రాజ్యపాలన గురించి ఇంత సమగ్రంగా మాట్లాడినవాడు సింహాసనం ఎక్కుతున్నవాడు కాదు, దిగిపోతున్నవాడు.

ఇది ఒక్క చోట కనిపించే కల్పన అయితే దానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. కావ్యంలో మరో రెండు చోట్ల ఇదే అమరిక ఉంది. మధురను ఏలే మత్స్యధ్వజుడు రాత్రివేళ భోగిని ఇంటికి వెళ్తూ, ఒక బాటసారి బ్రాహ్మణుడు చదివిన శ్లోకం విని దారిలోనే ఆగిపోతాడు. రాత్రికి పగలే, వానకాలానికి ముందే, ముసలితనానికి వయసులోనే, పరలోకానికి ఇక్కడే సిద్ధం కావాలన్నది దాని భావం. ఆ మాటతోనే రాజు మనసు తిరిగిపోతుంది. ఆ రాజుకు విష్ణుచిత్తుడు చెప్పే కథ ఖాండిక్య కేశిధ్వజులది. రాజ్యం పోగొట్టుకొని అడవిలో ఉన్న ఖాండిక్యుని దగ్గరికి, రాజ్యం గెలుచుకొన్న కేశిధ్వజుడే ఒక ప్రాయశ్చిత్తం తెలుసుకోవడానికి వస్తాడు. శత్రువు చేతికి చిక్కాడు, చంపమని ఖాండిక్యుని మంత్రులు చెబుతారు. అతడు చంపడు. గురుదక్షిణ కోరుకొనే సమయం వచ్చినప్పుడు రాజ్యం అడగమంటారు. అతడు ఆత్మవిద్య అడుగుతాడు.

దారిలో ఆగిన రాజు, రాజ్యం అడగని రాజు, రాజ్యం వదిలిన రాజు. 1520లో రాయచూరు యుద్ధం గెలిచిన చక్రవర్తి తన ఏకైక తెలుగు కావ్యంలో నిలిపిన రాజుల వరుస ఇది. వీరికి భిన్నంగా అధికారం అసలే లేని మాలదాసరి ఆరవ ఆశ్వాసంలో ఉన్నాడు. తనను తినబోయిన బ్రహ్మరాక్షసునికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ప్రాణానికి తెగించి తిరిగివస్తాడు. చివరికి ఆ రాక్షసుడే అతని పాటలోని ఫలాన్ని యాచిస్తాడు. రాజులు కథలో తమ అధికారం చాలదని తెలుసుకొంటుంటే, మాలదాసరికి తన మాటే చాలినంత అధికారమయింది.

కృతి సమర్పణ కూడా ఈ దృష్టితో చూడదగినది. పెద్దన మనుచరిత్రలో రాయలు కృతిభర్త. ఆముక్తమాల్యదలో ఆయన కర్త, భర్త వేంకటేశ్వరుడు. శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆజ్ఞాపించాడని అవతారిక చెబుతుంది. ఇతరుల కావ్యాల్లో పొగడ్త అందుకొనే స్థానంలో ఉన్న రాజు, తన కావ్యంలో ఆజ్ఞ అందుకొనే స్థానానికి దిగాడు. దీనిని భక్తి అని మాత్రమే చదివితే సగమే చదివినట్లు. అధికారానికి పైన మరొక అధికారాన్ని కావ్యనిర్మాణంలోనే ప్రతిష్ఠించడం ఇందులోని రెండో సగం.

అంకుశాలు: మంత్రి, రైతు, అడవి

కథాచట్రం ఇలా ఉండగా, లోపలి సూత్రాలు మెత్తనివని అనుకోవడం పొరపాటు. రాజనీతి భాగం కటువైన లౌకికజ్ఞానంతో నిండినది. అయినా దాని పద్యాలు రాజు చేయగలిగినవాటి కంటే చేయలేనివాటిని ఎక్కువగా లెక్కపెడతాయి. ఇందులో మూడు విషయాలు ముఖ్యమైనవి.

మొదటిది మంత్రి. తగిన మంత్రి దొరకకపోతే రాజు తానే పని చూసుకోవాలి గానీ, తగనివాడిని పెంచితే అతడు గుమ్మడికాయంత ముత్యంలా మోయలేని సంపద అవుతాడనీ, రాజు అతని కింద బతకవలసి వస్తుందనీ కావ్యం హెచ్చరిస్తుంది. ఈ పోలికలోని పదును గమనించదగినది. ముత్యం విలువైనదే, పరిమాణమే ప్రమాదం. మంత్రి మీద ఆధారపడక తప్పని రాజు, ఆ ఆధారం తనను మింగుతుందేమోనని భయపడే రాజు ఒక్కడే. ఈ సందిగ్ధం రాయల జీవితంలోనే పరాకాష్ఠకు చేరింది. కళ్ళు పీకించమన్న ఆజ్ఞ నుంచి తిమ్మరుసు మేక కళ్ళు చూపి బాలరాయలను కాపాడాడని జనశ్రుతి. కొడుకు మరణంలో అతని కుటుంబం మీద అనుమానంతో రాయలు తిమ్మరుసు కళ్ళు తీయించాడని నూనిజ్ రాసిన వృత్తాంతం. మొదటిది జనంలో కథగా నిలిచినా, రెండూ ఆ విదేశీయుని కథనంలో ఉన్నవే. జనస్మృతి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పుకోవడంలోనే ఒక తీర్పు ఉంది. 16వ శతాబ్ది చివరగానీ 17వ శతాబ్ది తొలినాళ్ళలోగానీ మధుర నాయకుల నీడలో పుట్టిన రాయవాచకము కూడా కృష్ణరాయలను అప్పాజీ సలహాల నడుమనే చూపింది. రాజును ఒంటరిగా ఊహించుకోవడం తెలుగు కథనానికి అలవాటు లేదు.

రెండవది రైతు. చెరువులూ కాలువలూ పెంచి, పేద రైతుకు పన్ను భారం తగ్గిస్తే ధర్మమూ ధనమూ రెండూ పెరుగుతాయని రాయలు చెబుతాడు. రైతులు ఊరు విడిచిపోతే తిరిగి పిలవకుండా, వారి పశువులూ ధాన్యమూ అమ్మితే డబ్బు వచ్చిందని సంతోషించే అధికారి ఉన్న రాజు సప్తద్వీపాలు గెలిచినా బాగుపడడన్నది దాని వెంట వచ్చే హెచ్చరిక. వానలు తక్కువైన ఈ సీమలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థముంది. నీటివసతి ఉన్నచోట నేల మనిషిని పట్టి ఉంచుతుంది. మెట్టప్రాంతంలో మనిషి లేచిపోగలడు. వలస ఇక్కడి రైతుకు మొదటి ఆయుధం, చివరి దిక్కు. రాజు ఆదాయం రైతు నిలకడ మీద ఆధారపడినప్పుడు, ఊరు ఖాళీ చేయగల శక్తి ఏ సభా ఇవ్వని ఒక నిషేధాధికారంగా పనిచేస్తుంది. ఆదాయంలో రెండు వంతులు సైన్యానికీ, ఒక వంతు దానభోగాలకూ, ఒక వంతు బొక్కసానికీ కేటాయించమన్న లెక్కను ఈ పద్యాలతో కలిపి చదివినప్పుడే దాని ఆధారం తెలుస్తుంది. ఆ సైన్యానికి తిండి పెట్టేది వెళ్ళిపోగల రైతే.

మూడవది అడవి. సరిహద్దు అడవులను పెంచాలి, రాజ్యమధ్యంలో ఉన్నవాటిని కొట్టించాలి. అడవిజనుల తప్పులు వెదకడం మట్టిగోడను కడగడం వంటిది, ఎంతకీ తెమలదు. వారు మాట నిలబెడితే ప్రాణమిస్తారు, చిన్న అవమానానికి పగబడతారు. కాబట్టి మాటతోనూ చిన్న కానుకలతోనూ వారిని కలుపుకోవాలి. ఇందులో అడవిజనుల పట్ల చిన్నచూపు లేదనలేం. కానీ ఆ చిన్నచూపు వెనక ఒక ఒప్పుకోలు ఉంది. అక్కడ రాజాజ్ఞ పనిచేయదు, బేరమే పనిచేస్తుంది. మొత్తం రాజ్యాన్ని ఒకే చట్టం కిందికి తెచ్చే ఊహ బొదాఁది. తన చేయి ఎక్కడిదాకా సాగుతుందో కొలుచుకొనే ఊహ రాయలది.

మినహాయింపు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి రాయల రాజనీతిని పరిమిత రాజరికపు శాసనంగా చిత్రిస్తే అది మరో అతిశయోక్తి అవుతుంది. మరణశిక్ష పడినవారికి మూడుమార్లు మొరపెట్టుకొనే అవకాశం ఇవ్వాలని కావ్యం చెబుతుంది. వెంటనే, ఎవరు తప్పించుకొంటే ముప్పు వస్తుందో వారిని ఆలస్యం లేకుండా చంపించాలని కూడా చెబుతుంది. ఎవరివల్ల ముప్పో నిర్ణయించేది రాజే. మూడు విన్నపాల నియమం కంటే ఈ ఒక్క మినహాయింపు బలమైనది. నిరంకుశత్వం నియమాల్లో కనిపించదు, మినహాయింపుల్లో దాగి ఉంటుంది. తిమ్మరుసు కథలోని చీకటి ఈ పద్యం నీడలోనే ఉంది.

ధూర్జటిని రాయల అష్టదిగ్గజాల్లో ఒకడిగా సంప్రదాయం లెక్కిస్తుంది. కాళహస్తీశ్వర శతకంలో రాజసేవ మీద ఆయన కురిపించిన ఏవగింపు ఆ సంప్రదాయానికి ఇబ్బంది కలిగించాలి, కానీ కలిగించలేదు. రాజు తన ఏనుగును ఆపి పెద్దనకు చేయందించాడని చెప్పే చాటువునూ, రాజులను తిట్టిన శతకాన్నీ ఒకే పండితసమాజం ఒకే నోటితో చదువుకొంది. ఏనుగు మీది రాజును ఆపగల కవీ, రాజు ముఖం చూడనన్న కవీ ఇద్దరూ ఆ సమాజానికి అవసరమయ్యారు. మినహాయింపు రాజు చేతిలో ఉన్నప్పుడు, దానిని గుర్తుపెట్టుకొనే పని కవిత్వం చేసింది. కవులు నిరంకుశులన్న నానుడికి ఇది రాజకీయార్థం.

దత్తమండలాలు: విభజనకు లొంగని అధికారం

బొదాఁ ఊహించిన అవిభాజ్య సార్వభౌమత్వం ఈ సీమకు రాయలతో రాలేదు. నూనిజ్ లెక్కల్లో విజయనగర నాయకులు ఎవరి సీమలో వారు పన్ను వసూలు చేసుకొని, రాజుకు కొంత సొమ్మూ కొంత సైన్యమూ ఇచ్చేవారు. 1565 తరువాత కేంద్రం బలహీనపడిన కొద్దీ స్థానికంగా కావలి హక్కులు, శిస్తులో వాటాలు ఉన్న పాలెగాళ్ళు బలపడ్డారు. 1800లో నిజాం ఈ మండలాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు అక్కడ సుమారు 80 మంది పాలెగాళ్ళు ఉన్నారు. 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వారి కావలి, శిస్తు అధికారాలను తొలగించి చాలామందిని భరణాలకు పరిమితం చేశాడు. పొలాన్ని సర్వే చేసి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ఓర్వకల్లు పరిసరాలు ఉన్న కర్నూలు సీమ మరికొంతకాలం నవాబుల కింద ఉంది. 1839లో కంపెనీ గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుణ్ణి చేసి దానినీ కలుపుకొంది.

ఇక్కడ ఒక చారిత్రక వైపరీత్యం ఉంది. 1688–89 పరిణామాల తరువాత ఇంగ్లండులో రాజు పార్లమెంటుకు లోబడ్డాడు. ఆ దేశపు వర్తక కంపెనీ ఇక్కడ ఏ సభకూ లోబడని అధికారాన్ని నెలకొల్పింది. రాజుకూ రైతుకూ మధ్య ఉన్న అంచెలన్నీ తీసివేసి, రికార్డు, సర్వే, కచేరీ ద్వారా ప్రతి పొలం గట్టు దాకా ఒకే ఆజ్ఞను చేర్చింది. రాయలు మట్టిగోడతో పోల్చి వదిలేసిన పనిని కంపెనీ చేపట్టింది. నిరంకుశ రాజరికమనే పేరుకు ఈ సీమ చరిత్రలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిన పాలన రాజు లేని పాలన.

ఈ మాటతో పాలెగాళ్ళు ప్రజాస్వామికులు అయిపోరు. కావలి పేరుతో వసూళ్ళు, పొరుగు పాలెంతో పోట్లాటలు, బలవంతుడి మాటే న్యాయం కావడం ఆ వ్యవస్థలో భాగాలు. ముఠాకక్షల వారసత్వాన్ని సీమ కథాసాహిత్యం ఇప్పటికీ లెక్కతేలుస్తూనే ఉంది. పాలెగాళ్ళ గొప్ప వారి మంచితనంలో లేదు. వారు ఉన్నంతకాలం అధికారం ఒకే చోట పోగుపడలేదన్న వాస్తవంలోనే వారి ప్రాధాన్యం ఉంది.

పాట చెప్పే రాజనీతి

నొస్సం పాలెగాళ్ళతో సంబంధమున్న కుటుంబానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన తిరుగుబాటు చేసి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. బోయలు, చెంచులు ఆయనతో కలిశారు. అదే ఏడాది పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను ఏళ్ళ తరబడి బహిరంగంగా వేలాడదీశారు.

ఆ తలను ప్రదర్శించడం ఒక రచనే. ఈ సీమలో ఇక రెండో అధికారం లేదన్న శాసనాన్ని కంపెనీ అక్షరాలతో కాక శరీరంతో రాసింది. దానికి బదులుగా జనం రాసుకొన్నది పాట. నరసింహారెడ్డి గాథలనూ, కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి గాథలనూ తంగిరాల వెంకటసుబ్బారావు 'రేనాటి సూర్యచంద్రులు'లో ఒకచోట నిలిపారు. ఈ జంట యాదృచ్ఛికం కాదు. ఒకరు ఎదిరించినవాడు, ఒకరు పోషించినవాడు. రాయల రాజనీతిలో రాజు నుంచి రైతు ఆశించిన రెండు పనులూ, అంటే రక్షణా పోషణా, రాజు లేని కాలంలో ఇద్దరు స్థానికుల మధ్య పంచబడ్డాయి. జానపద స్మృతి రాజ్యాన్ని ఇలా తిరిగి నిర్మించుకొంది.

సంబోధనలో తేడా ఇంకా ముఖ్యమైనది. ప్రబంధంలో కృతిభర్తను పలకరించేది షష్ఠ్యంతాలతో, బిరుదులతో, దూరం నుంచి. రేనాటి పాట నరసింహారెడ్డిని పలకరించేది 'సైరా' అని. అందులోని 'రా' చిన్నచూపు కాదు, చేరువ. ఇంటి మనిషిని, ఈడువాడిని పిలిచే పిలుపు అది. కావ్యం రాజును దేవుని ముందు నిలబెట్టి తగ్గించింది. పాట వీరుణ్ణి జనం మధ్యకు తెచ్చి హెచ్చించింది. రెండూ వేర్వేరు దిక్కుల నుంచి చేసినది ఒకే పని. పాలకుణ్ణి ఒంటరి శిఖరం మీద ఉంచడానికి రెండూ ఒప్పుకోలేదు.

పండిత కావ్యానికీ జానపద గేయానికీ మధ్య విమర్శ గీసిన గీత ఈ పోలికలో పలుచబడుతుంది. అడవిజనులను మాటతో కలుపుకొమ్మని రాయలు కుమారునికి చెప్పిన నీతిని, 300 ఏళ్ళ తరువాత బోయలను, చెంచులను కూడగట్టిన నరసింహారెడ్డి ఆచరించాడు. ఆయన ఆముక్తమాల్యద చదివాడని దీని అర్థం కాదు. ఈ నేల మీద అధికారం నిలవాలంటే ఏం చేయాలో చక్రవర్తికీ పాలెగాళ్ళ వారసుడికీ ఒకే పాఠం నేర్పింది ఈ నేలే.

ముగింపు

ఆముక్తమాల్యద రాజనీతిని విడిభాగంగా చదివినప్పుడు అది అధికారం నడిపే విద్యగా మిగులుతుంది. కథాచట్రంతో కలిపి చదివినప్పుడు అది అధికారపు కొలతను తెలుసుకొనే విద్య అవుతుంది. జేమ్స్, లూయీలు కుమారులకు రాజ్యాన్ని ఎలా పట్టి ఉంచాలో చెప్పారు. రాయలు ఆ మాటలనే రాజ్యాన్ని వదిలేస్తున్నవాని నోట పలికించాడు. మంత్రి, రైతు, అడవి అనే మూడు అంకుశాలను ఆయన గుర్తించాడు. వాటిని దాటే మినహాయింపును కూడా తన చేతిలోనే ఉంచుకొన్నాడు. ఆ రెంటినీ కలిపి చూడని విమర్శ స్వర్ణయుగమనో, దౌష్ట్యమనో తేల్చి ఆగిపోతుంది.

పాఠ్యప్రణాళికల్లో రాజనీతి పద్యాలతో పాటు యామునుని నిష్క్రమణాన్ని, ఖాండిక్యుని కోరికను కూడా చేర్చడం, రేనాటి గేయాలను ప్రబంధయుగం తరువాతి అనుబంధంగా కాక అదే చర్చకు కొనసాగింపుగా బోధించడం అవసరం. రాయలసీమ అన్న పేరు మీదా, ఓర్వకల్లు విమానాశ్రయం పేరు మీదా ఈ సీమవాసికి ఉన్న అభిమానంలో వైరుధ్యం లేదు. తనను అదుపు చేసే అంకుశం ఉందని తెలిసిన రాజునూ, అంకుశం లేని అధికారాన్ని ఎదిరించిన మనిషినీ ఈ నేల ఒకే జ్ఞాపకంలో ఉంచుకొంది.